విద్యార్థి లఘుచిత్రానికి పోస్టర్, టీజర్, ప్రెస్ కిట్: చిత్రీకరణ ముగిసేలోగా ఏం సిద్ధం చేసుకోవాలి?

#1 తొలిచిత్రం

అందరికీ నమస్కారం. మేము ఆరుగురు విద్యార్థులం కోర్సులో భాగంగా పద్నాలుగు నిమిషాల లఘుచిత్రం తీస్తున్నాం. పాత టేప్‌రికార్డర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి ఒక అమ్మాయి తెగిన క్యాసెట్ తెస్తుంది. అందులో ఉన్న గొంతు ఎవరిదో చెప్పడానికి ఆమె ఇష్టపడదు. టేపు అతికిస్తున్నకొద్దీ ఆ గొంతు తనకు తెలిసినదేనేమో అన్న అనుమానం ఆయనలో మొదలవుతుంది. కథ ఇంతే. చిత్రీకరణలో చివరి సన్నివేశాలు ఇంకా మిగిలే ఉన్నాయి.

ప్రచార సామగ్రి పని నాకు అప్పగించారు. నలుగురు నటుల ముఖాలు వరుసగా, వెనక రాత్రివేళ దుకాణం, పైన పేరు ఉండేలా ఒక నమూనా పోస్టర్ తయారుచేసి ఇక్కడ జతపరిచాను. ముఖాలన్నీ 4కే ఫుటేజీలోని ఫ్రేముల నుంచే తీసుకున్నాను. ఇది ఏ2 పరిమాణంలో అచ్చుకు పనికివస్తుందా? పోస్టర్ కాక ఇంకేమేం సిద్ధం చేసుకోవాలి? నమూనాపై నిర్మొహమాటంగా అభిప్రాయం చెప్పగలరు.

#2 నిశ్చలచిత్రం

చిత్రీకరణ ఇంకా మిగిలి ఉండడం మీ అదృష్టం, ఎందుకంటే నేను చెప్పబోయేది సెట్ మీద ఉండగానే చేయవలసిన పని.

ముందు లెక్క చూద్దాం. 4కే ఫ్రేము 3840 పిక్సెళ్ల వెడల్పు, 2160 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. పోస్టర్ నిలువుగా ఉంటుంది కాబట్టి అడ్డంగా ఉన్న ఆ ఫ్రేములో మీకు దక్కేది నడుమ 1527 పిక్సెళ్ల వెడల్పున్న ముక్క మాత్రమే, అంటే సుమారు ఐదింట రెండు వంతులు. ఏ2 కాగితం ఎత్తు 594 మిల్లీమీటర్లు, అంటే 23.4 అంగుళాలు. అంత ఎత్తుకు 2160 పిక్సెళ్లను పరిస్తే అంగుళానికి 92 మాత్రమే వస్తాయి, చేతికందే దూరం నుంచి చూసే అచ్చుకు మామూలుగా 300 అడుగుతారు. పోస్టర్‌ను కాస్త దూరం నుంచి చూస్తారు కాబట్టి 150 వరకు సర్దుకోవచ్చేమో గానీ 92 దగ్గర ముఖంలో వెంట్రుకలు, కనురెప్పలు కలిసిపోయి కనిపిస్తాయి. అదే 24 మెగాపిక్సెళ్ల ఫొటో కెమెరాను నిలువుగా పట్టుకొని తీస్తే ఎత్తు 6000 పిక్సెళ్లు, ఏ2 కొలతకు కత్తిరించిన తరువాత కూడా అంగుళానికి 240 మిగులుతాయి.

పిక్సెళ్ల సంఖ్య ఒక్కటే అడ్డంకి అయితే ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌తో పెంచుకోవచ్చు. అసలు చిక్కు షట్టర్‌లో ఉంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీసేటప్పుడు షట్టర్ సాధారణంగా సెకనులో 48వ వంతు తెరిచి ఉంటుంది. కదలిక సాఫీగా కనబడాలంటే ఆ మాత్రం మసక ఉండాలి, సినిమాలో అది అందం, పోస్టర్‌లో మాత్రం లోపం. మీ నమూనాలో ఎడమవైపు రెండవ ముఖం తల తిప్పుతున్న క్షణంలోది, అందుకే చెవి అంచు రెండుగా కనబడుతోంది. దానికితోడు మామూలు కెమెరాలు వీడియోలో వెలుగు వివరాన్ని పూర్తిగా ఉంచి, రంగు వివరాన్ని నాలుగో వంతుకు కుదిస్తాయి. ఎర్రటి వస్తువుల అంచులు చెదిరినట్లు ఉండడానికి కారణం అదే.

కాబట్టి మిగిలిన సన్నివేశాలలో ప్రతి ముఖ్యమైన షాట్ ఓకే అయిన వెంటనే, లైట్లు కదలకముందే, నటులను అదే భంగిమలో ఉండమని ఒక్క నిమిషం స్టిల్స్ (కదలని ఫొటోలు) కోసం అడగండి. షట్టర్ సెకనులో 200వ వంతు దగ్గర పెట్టి, నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని తీయండి. పైన ఖాళీ వదలడం మరువవద్దు, పేరు ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా. టేక్ నడుస్తుండగా తీయవలసి వస్తే సైలెంట్ షట్టర్ తప్పనిసరి, లేకపోతే సౌండ్ రికార్డ్ చేసేవారు మిమ్మల్ని క్షమించరు.

#3 పోస్టరుబల్ల

నిశ్చలచిత్రం గారు చెప్పినదంతా సరైనదే గానీ, ఏం ఫొటో తీయాలో తేలకుండా ఎంత మంచి కెమెరా ఉన్నా లాభం లేదు. మీ నమూనా చూసి మీ కథ ఊహించమంటే నేను నలుగురు స్నేహితుల కథో, ఒక కుటుంబ కథో అనుకుంటాను. మీరు పైన మూడు వాక్యాలలో చెప్పిన కథ దానికంటే ఎంతో ఆసక్తిగా ఉంది, కానీ పోస్టర్‌లో క్యాసెట్టే లేదు.

నేను పని మొదలుపెట్టేటప్పుడు దర్శకుడి చేత లాగ్‌లైన్ రాయిస్తాను, అంటే ఎవరు, ఏం కోరుతున్నారు, ఏం అడ్డుపడుతోంది అన్నది ఒక్క వాక్యంలో. తరువాత ఆ వాక్యంలో కంటికి కనబడే నామవాచకాలు ఏమేం ఉన్నాయో చూస్తాను. మీ కథలో టేపు ఉంది, అతికించే చేతులు ఉన్నాయి, వినే చెవి ఉంది. ముసలి చేతివేళ్ల మధ్య తెగిన గోధుమరంగు టేపు రెండు కొసలు, వాటి మధ్య వెంట్రుకవాసి ఖాళీ, వెనక అంతా చీకటి: ఈ ఒక్క బొమ్మ చాలు. చూసేవారు అతుకుతుందా లేదా అనుకుంటారు, అందులో ఏముందో అని కూడా అనుకుంటారు. పోస్టర్ అడగవలసినది ఆ ప్రశ్నే, జవాబు కాదు.

ఫొటోయే ఉండాలన్న నియమం కూడా లేదు. అమెరికా డిజైనర్ సాల్ బాస్ 1950లలో హాలీవుడ్ చిత్రాలకు కత్తిరించిన కాగితం ముక్కల వంటి ఆకారాలతో పోస్టర్లు చేశారు. సత్యజిత్ రాయ్ 1943లో ఒక ప్రకటనల సంస్థలో చిత్రకారుడిగా చేరినవారు, దర్శకుడయ్యాక తన చిత్రాల పోస్టర్లకు తానే రూపకల్పన చేసుకున్నారు. మీ ఆరుగురిలో బొమ్మలు వేసేవారు ఎవరైనా ఉంటే ఒకసారి ప్రయత్నించి చూడండి, ఫొటో ఖర్చూ తగ్గుతుంది, పిక్సెళ్ల గొడవా ఉండదు.

#4 మూడోవరుస

నేను విద్యార్థి చిత్రాల ప్రదర్శనల ఏర్పాట్లు చూస్తుంటాను. పోస్టరుబల్ల గారి బొమ్మ అందంగా ఉంటుందనడంలో సందేహం లేదు, అయినా నాది వేరే అభిప్రాయం. విద్యార్థి చిత్రం తొలి ప్రదర్శనకు వచ్చే వారిలో ఎక్కువమంది నటుల, సాంకేతిక సిబ్బంది స్నేహితులు, బంధువులు. వారిని హాలు దాకా రప్పించేది తెలిసిన ముఖమే గాని తెగిన టేపు కాదు. పైసా తీసుకోకుండా నటించినవారికి పోస్టర్ మీద ముఖం కనబడడమే పారితోషికం అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

#5 పోస్టరుబల్ల

మూడోవరుస గారూ, పారితోషికం మాట కాదనలేను. కానీ నాలుగు ముఖాలు సమానంగా పెడితే ఎవరి కథో తెలియకపోవడమే కాక, ఫోన్ తెరపై ఒక్కొక్క ముఖం గోరంత అవుతుంది. అందరినీ గుర్తుపట్టేలా పెట్టబోయి ఎవరినీ గుర్తుపట్టకుండా చేస్తాం. నటులకు విడివిడిగా పాత్ర పరిచయ పోస్టర్లు చేసి ఇవ్వడం మేలు. ఎవరిది వారు పంచుకుంటారు, ముఖ్య పోస్టర్ మాత్రం ఒకే మాట చెబుతుంది.

#6 మూడోవరుస

అలాగైతే నాకు అభ్యంతరం లేదు, నటులను ముందుగా అడిగి చేయండి, పోస్టర్ గోడకెక్కిన తరువాత చెబితే నొచ్చుకుంటారు. ఇంకొక మాట: నటన కోసం సంతకం చేయించుకున్న అంగీకార పత్రంలో వారి రూపాన్ని, గొంతును ప్రచారానికి వాడుకోవచ్చన్న వాక్యం ఉందో లేదో చూడండి. లేకపోతే ఇప్పుడే చేర్పించండి. చిత్రంలో వాడుకోవడం వేరు, పోస్టర్‌లోనూ టీజర్‌లోనూ వాడుకోవడం వేరు.

#7 అక్షరాలగూడు

బొమ్మ సంగతి పెద్దలు చూసుకున్నారు, నేను అక్షరాల గురించి చెబుతాను. మీ నమూనాలో కింద ఉన్న పేర్ల వరుసను పొడుగ్గా, ఇరుకుగా నొక్కారు. ఇంగ్లిష్ పోస్టర్లలో ఆ పద్ధతి రావడానికి కారణం ఒప్పందాలు. పేరులోని అక్షరాల పరిమాణం చిత్రం పేరుతో పోలిస్తే ఇంత ఉండాలని రాసుకుంటారు, ఎత్తు సరిపోతే చాలు గనుక వెడల్పు తగ్గించి అన్ని పేర్లూ ఇరికిస్తారు. మీకు అటువంటి ఒప్పందం ఏదీ లేదు. పైగా తెలుగు అక్షరానికి పైన తలకట్టో గుడో, కింద ఒత్తో ఉంటాయి, అడ్డంగా నొక్కితే ముందు మూసుకుపోయేవి ఆ సున్నల వంటి లోపలి ఖాళీలే. ‘ఛాయాగ్రహణం’ అన్న మాట మీ నమూనాలో ఒక నల్లటి గీతలా కనబడుతోంది. పేర్లు తగ్గించండి, రెండు వరుసలు చేయండి, వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ కన్నా ఎక్కువ ఇవ్వండి, కానీ నొక్కవద్దు.

ఫాంట్ల విషయంలో, గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న రామభద్ర, ధూర్జటి, మండలి, సూరన్న వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, పోస్టర్లకు నిశ్చింతగా వాడుకోవచ్చు. పేరుకు రామభద్ర వంటి లావు అక్షరం, కింది వరుసలకు మండలి లేదా నోటో సాన్స్ తెలుగు బాగుంటాయి. నన్నడిగితే చిత్రం పేరును మాత్రం చేత్తో రాయించమంటాను. బాపు గారి చేతిరాత చూడగానే ఎవరిదో చెప్పేస్తాం, ఆ గుర్తింపు ఏ రెడీమేడ్ ఫాంటుతోనూ రాదు. తెల్ల కాగితం మీద నల్ల సిరాతో పెద్దగా రాసి, స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో వెక్టర్‌గా (పిక్సెళ్లు కాక గీతల ఆకారాలుగా) మార్చుకుంటే ఎంత పెద్దదిగానైనా అచ్చు వేసుకోవచ్చు.

ఫొటోషాప్ పాత వెర్షన్లలో తెలుగు ఒత్తులు విడిపోయి వస్తుంటే టైప్ సెట్టింగ్స్‌లో దక్షిణాసియా లిపుల టెక్స్ట్ ఇంజన్‌ను ఎంచుకోవాలి. ఇంక్‌స్కేప్, జింప్‌లలో ఆ బాధ లేదు. ప్రెస్‌కు పంపే ముందు అక్షరాలన్నిటినీ ఔట్‌లైన్లుగా, అంటే ఫాంట్ అక్కరలేని బొమ్మలుగా, మార్చండి. అక్కడి కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోతే ‘క్ష’ ఏమవుతుందో ఊహించలేరు. మార్చే ముందు ఒక కాపీ విడిగా దాచుకోండి, ఔట్‌లైన్ చేసిన తరువాత అచ్చుతప్పు దిద్దలేరు.

#8 అచ్చుపని

ప్రెస్ వైపు నుంచి చూస్తే మీ పోస్టర్‌లో నాకు భయం కలిగించేది ఆ చీకటి. తెర వెలుగును వెదజల్లుతుంది, కాగితం తన మీద పడిన వెలుగునే తిప్పి పంపుతుంది. తెరపై కనబడే ముదురు నీలాలు, నీడలోని వివరాలు కాగితంపై ఒకే నల్లముద్దగా మారిపోతాయి. ఫైలును ఆర్‌జీబీ (తెర రంగులు) నుంచి సీఎంవైకేకు (అచ్చులో వాడే నాలుగు సిరాల రంగులు) మార్చి చూసుకోండి, ప్రెస్ వారిని వారి కలర్ ప్రొఫైల్ అడిగి దానితోనే మార్చండి, నీడలను మీకు కాస్త ఎక్కువ అనిపించేంత తేలిక చేయండి. మొత్తం ప్రతులు వేయించే ముందు అదే కాగితంపై ఒక ఏ4 ముక్క అచ్చు వేయించి, పగటి వెలుగులో చూడండి.

నలుపులోనూ రెండు రకాలున్నాయి. విశాలమైన నల్లటి నేపథ్యానికి నల్ల సిరా ఒక్కటే వాడితే బూడిదరంగు తేలినట్లుంటుంది. సయాన్ 60, మజెంటా 40, పసుపు 40, నలుపు 100 వంటి మిశ్రమం వాడితే నిండుగా వస్తుంది. తెల్ల కాగితంపై చిన్న నల్ల అక్షరాలకు మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం: ఒక్క నల్ల సిరాయే వాడాలి. నాలుగు సిరాలూ ఒకదానిపై ఒకటి వెంట్రుకవాసి జరిగినా ఆ అక్షరాల అంచుల్లో రంగుల నీడ కనబడుతుంది. మీ నేపథ్యం నల్లగా, పేర్లు తెల్లగా ఉన్నాయి కాబట్టి సిరా పక్కకు జరిగితే తెల్ల అక్షరం సన్నబడుతుంది, అందుకే పేర్లకు మరీ సన్నని ఫాంట్ పెట్టవద్దు.

నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయేలా అంచు దాటి పొడిగించిన బొమ్మ) ఉంచండి, ముఖ్యమైన అక్షరాలేవీ అంచుకు 10 మిల్లీమీటర్ల లోపు రానివ్వవద్దు. ఏ2, ఏ3, ఏ4 అన్నీ ఒకే నిష్పత్తిలో ఉంటాయి గనుక ఒకే ఫైలు మూడింటికీ సరిపోతుంది. సినిమా హాళ్లలో కనబడే 27 × 40 అంగుళాల పోస్టర్ నిష్పత్తి వేరు, దానికి విడిగా సర్దాలి.

#9 ఎంపికబల్ల

నేను కొన్ని లఘుచిత్రోత్సవాలకు ఎంపిక సంఘంలో పనిచేశాను. మీ ఉత్సాహం తగ్గించాలని కాదు గానీ, పోస్టర్ చూసి చిత్రాన్ని ఎంపిక చేసిన సందర్భం నాకు గుర్తులేదు. మేము చూసేది చిత్రాన్నే. ఎంపికైన మరుక్షణం మాత్రం ఉత్సవ నిర్వాహకులకు కావలసింది ఒక మంచి స్టిల్. క్యాటలాగ్‌లోనూ వెబ్‌సైట్‌లోనూ పత్రికల వారికి ఇచ్చే సమాచారంలోనూ అడ్డంగా ఉన్న, మీద ఒక్క అక్షరం కూడా లేని, శుభ్రమైన స్టిల్‌నే వేస్తారు. చాలామంది విద్యార్థులు పోస్టర్ ఒక్కటే పంపి ఊరుకుంటారు, అప్పుడు మేమే చిత్రంలోంచి ఏదో ఒక ఫ్రేము తీసుకోవలసి వస్తుంది, అది మీకు నచ్చనిదే అయ్యే అవకాశం ఎక్కువ.

అందుచేత పోస్టర్ కన్నా ముందు ప్రెస్ కిట్, అంటే ఉత్సవాలకూ పత్రికలకూ ఇచ్చే సమాచార సంపుటి, పూర్తిచేయండి. లాగ్‌లైన్, ఐదారు వాక్యాల కథాసంగ్రహం, ముగింపుతో సహా ఉండే పూర్తి కథాసంగ్రహం, దర్శకుడి మాట, దర్శకుడి ఫొటో, నాలుగైదు స్టిల్స్, నటీనటుల సాంకేతికుల జాబితా, నిడివి, భాష, ఉపశీర్షికల భాష, తెర నిష్పత్తి, శబ్దం స్టీరియోనా (రెండు చానళ్లు) 5.1నా (చుట్టూ వినబడే ఆరు చానళ్లు) అన్న వివరం ఉంటే చాలు. దర్శకుడి మాట విషయంలో ఒక మనవి: చిన్నప్పటి నుంచి సినిమా అంటే ఇష్టమని రాయకండి, అందరూ అదే రాస్తారు. ఈ కథకు క్యాసెట్టే ఎందుకు, ఫోన్‌లోని రికార్డింగ్ ఎందుకు కాదు అన్నదానికి మీ దగ్గర జవాబు ఉండే ఉంటుంది, అది రాయండి.

ఎంపికైనప్పుడు ఇచ్చే లారెల్ కొమ్మల గుర్తులను పోస్టర్ పైభాగంలో గుంపుగా పేర్చే అలవాటు కూడా ఈ మధ్య పెరిగింది. ముఖ్యమైనవి రెండు మూడు చాలు. దరఖాస్తు పంపినంత మాత్రాన గుర్తు పెట్టుకోకూడదని వేరే చెప్పనక్కరలేదు. చివరిగా, పూర్తి చిత్రాన్ని యూట్యూబ్‌లో బహిరంగంగా పెట్టేస్తే కొన్ని ఉత్సవాలు తీసుకోవు. ఆయా నియమాలు చదివే వరకు టీజర్ మాత్రమే బయట పెట్టండి, పూర్తి చిత్రానికి పాస్‌వర్డ్ ఉన్న లింకు వాడండి.

#10 కత్తెరపని

టీజర్ సంగతి నేను చెబుతాను. పద్నాలుగు నిమిషాల చిత్రానికి రెండు నిమిషాల ట్రైలర్ అంటే చిత్రంలో ఏడోవంతు చూపించేసినట్టే, ముప్పై నుంచి నలభై సెకన్లు మించవద్దు. మీ చిత్రం శబ్దం గురించినది, కానీ ఫోన్‌లో వీడియోలు చాలావరకు శబ్దం లేకుండానే మొదలవుతాయి. ఈ వైరుధ్యాన్నే వాడుకోవచ్చు అనిపిస్తోంది. ఒకే షాట్: క్యాసెట్ చక్రాలు తిరుగుతుంటాయి. వినబడుతున్న మాటలు కింద ఉపశీర్షికలుగా వస్తుంటాయి. ఒక వాక్యం సగంలో, ఒక పదం మధ్యలోనే టేపు తెగుతుంది, అక్షరాలూ అక్కడే ఆగిపోతాయి, చక్రం ఒకటి మాత్రం ఖాళీగా తిరుగుతూనే ఉంటుంది. తరువాత పేరు. శబ్దం పెట్టుకున్నవారికి టేపు బుసబుస వినబడుతుంది, పెట్టుకోనివారికీ విషయం అందుతుంది.

సంగీతం ఇంటర్నెట్ నుంచి తీసుకునేటట్లయితే లైసెన్స్ పేరు పూర్తిగా చదవండి. క్రియేటివ్ కామన్స్ (షరతులతో ఉచితంగా వాడుకోనిచ్చే లైసెన్సులు) అని ఉంటే చాలనుకోకూడదు. అందులో మార్పులు చేయరాదన్న షరతు ఉంటే ఆ పాటను దృశ్యంతో జతపరచడమే మార్పు కింద లెక్క, వాడడానికి వీల్లేదు. అదే షరతులతో పంచాలన్న లైసెన్స్ అయితే మీ టీజర్‌ను కూడా అదే లైసెన్స్ కింద విడుదల చేయవలసి వస్తుంది. పేరు పేర్కొంటే చాలన్న రకాన్ని ఎంచుకొని, ఆ పేరును టీజర్ కింది వివరణలో రాయండి.

యూట్యూబ్ థంబ్‌నెయిల్ 1280 × 720 పిక్సెళ్లలో చేసేటప్పుడు కుడివైపు కింది మూల ఖాళీ వదలండి, నిడివి చూపే గడి సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. చాలా థంబ్‌నెయిళ్లలో పేరులోని చివరి అక్షరం దాని వెనకే పోతుంది.

#11 తొలిచిత్రం

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. నటులతో మాట్లాడాను. ముఖ్య పోస్టర్‌లో చేతులు, టేపు మాత్రమే ఉండడానికి నలుగురూ ఒప్పుకున్నారు, ఎవరి పాత్ర పోస్టర్ వారికి ఇస్తామన్నాం. పెద్దాయన పాత్రధారి అయితే తన చేతులే పోస్టర్ మీద ఉంటాయని తెలిసి సంతోషించారు. మరో రెండు సందేహాలు. నేపథ్యంలోని దుకాణాన్ని ఏఐ బొమ్మతో నింపవచ్చా? ప్రదర్శన వివరాల కోసం పోస్టర్‌పై క్యూఆర్ కోడ్ పెట్టవచ్చా?

#12 ఎంపికబల్ల

ఏఐ వాడితే తెలియజేయాలని కొన్ని ఉత్సవాలు అడుగుతున్నాయి, అడిగిన చోట దాచకండి. నియమాలను పక్కనపెట్టినా, చిత్రంలో లేని దుకాణాన్ని పోస్టర్‌లో చూపితే ప్రేక్షకుడు చిత్రంలో దాని కోసం వెతుకుతాడు. మీ కళా విభాగం కష్టపడి కట్టిన సెట్ ఉండగా వేరే బొమ్మ దేనికి?

#13 అచ్చుపని

క్యూఆర్ కోడ్ నిక్షేపంగా పెట్టవచ్చు, కానీ నల్ల నేపథ్యం మీద తెల్ల గడులతో తిప్పి పెట్టవద్దు, కొన్ని ఫోన్లు చదవవు. తెల్లటి చతురస్రం వేసి దానిలో నల్ల కోడ్ పెట్టి, చుట్టూ నాలుగు గడుల వెడల్పు ఖాళీ ఉంచండి. గోడ మీది పోస్టర్‌కైతే కోడ్ భుజం కనీసం 4 సెంటీమీటర్లు ఉండనివ్వండి. ఉచితంగా కోడ్ ఇచ్చే సైట్లలో కొన్ని తమ లింకు గుండా తిప్పి పంపుతాయి, గడువు తీరాక ఆ లింకు పనిచేయదు. మీ పేజీ చిరునామా నేరుగా ఉండే కోడ్ తయారుచేసుకోండి. తరువాత మార్చవలసిన సంగతులు ఏవైనా ఉంటే ఆ పేజీలో మార్చుకోవచ్చు.

#14 నిశ్చలచిత్రం

చేతుల స్టిల్ తీసేటప్పుడు ఒక జాగ్రత్త. టేపు చాలా నునుపుగా ఉంటుంది, ఎదురు లైటు పడితే తెల్లటి గీతలా మెరిసి గోధుమరంగు మాయమవుతుంది. లైటును పక్క నుంచి, కాస్త వెనకగా పెట్టి, ముందు ఒక తెల్ల అట్టతో నీడలు తేలిక చేయండి. తెగిన రెండు కొసలూ కెమెరాకు ఒకే దూరంలో ఉండాలి, లేకపోతే ఒకటి ఫోకస్‌లో ఉండి రెండోది మసకబారుతుంది. లెన్స్ రంధ్రాన్ని (అపర్చర్) ఎఫ్ 8 దగ్గర పెట్టి, నిలువుగా ఒకటి, ఫోన్ తెర కోసం చుట్టూ బాగా ఖాళీ వదిలి మరొకటి తీసుకోండి. అలాగే పెద్దాయన ముఖంతో ఒక అడ్డం స్టిల్ తప్పక తీయండి, క్యాటలాగ్‌కు పనికివచ్చేది అదే. తీసిన ఫైళ్లకు చిత్రం పేరు, వరుస సంఖ్య, ఫొటో తీసిన వారి పేరు కలిపి పేరు పెట్టండి. కెమెరా ఇచ్చిన అంకెలతోనే పంపితే ఎవరికి పేరు ఇవ్వాలో పత్రికల వారికి తెలియదు.

#15 తొలిచిత్రం

అలాగే చేస్తాను. స్టిల్స్ తీయడానికి మా ఆరుగురిలో ఒకరిని చివరి సన్నివేశాల వరకు ప్రత్యేకంగా కేటాయించాం, కాల్‌షీట్‌లో (ఆ రోజు చిత్రీకరణ పనుల పట్టికలో) ప్రతి సెటప్ తరువాత ‘స్టిల్స్’ అని వేరే వరుస చేర్చాం. పేరును చేత్తో రాసే పని ఛాయాగ్రాహకురాలు తీసుకున్నారు. అక్షరాలగూడు గారూ, స్కాన్ చేశాక ఆ రాతను ఇక్కడే జతపరుస్తాను, ఒత్తులు చిన్న పరిమాణంలో నిలుస్తాయో లేదో దయచేసి చూసి చెప్పగలరు.